జీలుగుపాళెం పంచాయతీ బస్సు

జీలుగుపాళెం పంచాయతీ సమావేశం నెలనెలా బడి వసారాలో జరిగేది. ప్రెసిడెంటు రంగనాయకులు గారు గోడవారన కుర్చీలో, చేతిలో గొడుగుతో కూర్చునేవారు. ఆడవాళ్ళకని సర్కారు కొత్తగా ఇచ్చిన స్థానంలో సభ్యురాలైన చెంచమ్మ, వసారా మధ్యనున్న కొయ్య స్తంభం పక్కన పీట వేసుకునేది. ఆయన అన్న, ఆమె చెల్లెలు, ఒక తల్లి బిడ్డలు. ఇద్దరికీ మాటల్లేక మూడేళ్ళయింది.

మాటల్లేనంత మాత్రాన పంచాయతీ ఆగుతుందా? చెంచమ్మ ఏం చెప్పదలచుకున్నా స్తంభానికి చెప్పేది.

"ఏమయ్యా స్తంభం, చేపల గుంట వేలం పాడిన డబ్బులు అట్టా మూలన పెట్టుకోని ఏం చేస్తారంట?" అనేది.

రంగనాయకులు గారు గొడుగు పిడి కేసి చూసేవారు. "గొడుగూ, బడి కప్పు కారతా ఉండాదని కొందరికి తెలియదు గామాల" అనేవారు.

మిగతా సభ్యులు స్తంభం వైపు ఒకసారి, గొడుగు వైపు ఒకసారి తల తిప్పుకుంటూ సమావేశం ముగించి ఇళ్ళకు పోయేవారు. గుమాస్తా మాత్రం మినిట్సులో అధ్యక్షులవారు సెలవిచ్చారనీ, సభ్యురాలు మనవి చేశారనీ మర్యాదగానే రాసుకునేవాడు. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. మాటల్లేని అత్తాకోడళ్ళు దూడకు చెప్పినట్టు చెప్పుకుంటారు, మాటల్లేని మొగుడూ పెళ్ళాం పొయ్యికి చెప్పినట్టు చెప్పుకుంటారు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కాలంలో జరిగేదే.

ఇంతకీ ఆ మాటలు ఎందుకు పోయాయంటే, దారి మూలంగా పోయాయి. నెల్లూరు బస్సు ముత్తుకూరు దాకానే వచ్చేది. అక్కణ్ణించి జీలుగుపాళేనికి బండిదారి. ఊరి నుంచి పోతే కాలవ వంతెన దాటాక సరుగుడు తోపు పక్కన పెద్ద ఇసక మేట ఉంది. వట్టి బండి కూడా అక్కడ మూలిగేది. చెంచమ్మ కూతురు మాలకొండమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు నొప్పులు ముందుగా మొదలయ్యాయి. చెంచమ్మ తన ముసలి ఎద్దుల్నే కట్టించుకుని ఆసుపత్రికి బయల్దేరింది. ఇసక మేటలో బండి ఇరుసు దాకా దిగబడింది. పసివాడు అక్కడే, బండిలోనే పుట్టాడు. ఏడవలేదు.

ఊరి చివరి ఇల్లు రంగనాయకులు గారిది. చుట్టుపక్కల అంత బలమైన ఎద్దుల జత లేదు. చెంచమ్మ బండి ఆ ఇంటి వాకిటి ముందు నుంచే పోయింది. ఆమె పిలవలేదు. ఆయన రాలేదు.

"మేనకోడలికి నొప్పులొస్తుంటే నాకొక మాట చెప్పలేదే, నేనేమన్నా పరాయివాణ్ణా?" అని ఆయన బాధ. "చెప్పాల్నా? వాకిటి ముందర బండి పోతుంటే చెవుల్లేవా?" అని ఆమె బాధ. ఇద్దరిదీ న్యాయంగానే తోచడంతో ఊళ్ళో ఎవరికీ సర్దిచెప్పే దారి దొరకలేదు. పాపం, చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. తర్వాత మళ్ళీ ఈ ఊరికే కాపురం వచ్చింది గానీ, చెంచమ్మ పెళ్ళయి అత్తవారింటికి పోతుంటే రంగనాయకులు గారు బండి వెనక నడుస్తూ ముత్తుకూరు దాకా ఏడుస్తూ వచ్చారని ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇలా ఉండగా మాలకొండమ్మకు మళ్ళీ నెల తప్పిందని బిట్రగుంట నుంచి కబురొచ్చింది. అల్లుడు అక్కడ రైలింజన్ల షెడ్డులో పని చేసేవాడు. ఆ నెల సమావేశంలో చెంచమ్మ పీట మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"స్తంభం, నేను మెంబర్ని అయిందే దీనికోసరం. ఊరికి బస్సు రావాల. ఈసారి నా బిడ్డ ఇసకలో కనకూడదు."

బస్సు తేవడం అంత తేలికా? రంగనాయకులు గారు అప్పటికే నెల్లూరు బస్సు యజమానిని అడిగి ఉన్నారు. రోడ్డు వేస్తే బస్సు తిప్పుతానని ఆయన అన్నాడు. సమితి ఆఫీసులో అడిగితే, బస్సు తిరిగే ఊరికైతే రోడ్డు వేస్తామన్నారు. ఈ రెండు జవాబుల మధ్య ఊరు ఎండిపోతూ ఉంది. అందరూ గొడుగు వైపు చూశారు. గొడుగు చాలాసేపు నేల మీద గీతలు గీసింది.

"గొడుగూ, వాళ్ళెవురూ ఇయ్యకపోతే మన బస్సు మనమే కొనుక్కుందాం. రేపు నెల్లూరు పోదాం పా" అన్నారు రంగనాయకులు గారు.

ఆయనకు ఎద్దుల బేరం తెలిసినంతగా ఇంకేమీ తెలియదు. పాత బస్సులు అమ్మే షెడ్డుకు పోయి, అక్కడున్న ఒక నీలిరంగు బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగారు. పక్కలు తట్టారు. చక్రాలు గిట్టల్లా ఒత్తి చూశారు. ముందరి కమ్మీలు పళ్ళల్లా లెక్కపెట్టి, వయసు మరీ ఎక్కువేం కాదన్నారు. వీపున చెడ్డ సుడి లేదని తేల్చుకున్నాక భుజం మీది తువాలు తీసి అమ్మేవాడి చేతి మీద కప్పి, సంతలో చేసినట్టే వేళ్ళు పట్టి బేరం చేశారు. పట్టణం మనిషికి ఆ వేళ్ళ లెక్క తెలియక సగం ధరకే ఒప్పుకున్నాడని ఆయన దారి పొడుగునా నవ్వుకున్నారు. అమ్మినవాడు ఇంకా ఎక్కువ నవ్వుకుని ఉంటాడు. నడిపేవాడు లేక లారీ కట్టి, ఇసక మేట దగ్గర ఊరంతా తాళ్ళు పట్టి ఊళ్ళోకి లాగించిన తర్వాత, మిలిటరీలో డ్రైవరుగా చేసి వచ్చిన జకరయ్య బానెట్టు ఎత్తి చూశాడు.

"పెసిడెంటు గారూ, ఇంజను లేదండీ" అన్నాడు.

"సరిగ్గా చూడబ్బయా."

"చూసేదానికి ఏముందండీ లోపల? కోళ్ళు మూయొచ్చు."

రంగనాయకులు గారి మొహం చూడడానికి ఎవరికీ మనసు రాలేదు. చెంచమ్మ కూడా స్తంభం దగ్గరకు పోకుండా ఊరుకుంది. కొన్న బస్సు కదా, ఎక్కి చూద్దామని జనం ఎక్కారు. సీట్లలో కూర్చుని, ఎవరి మూలంగా మోసం జరిగిందని మొదలుపెట్టి, ఎవరి పొలంలో కలుపు పడింది, ఎవరి బర్రె చూడు కట్టింది అనేదాకా వచ్చారు. జకరయ్య ఊరికే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి కిటికీ పక్కనున్న ఆదిశేషమ్మ బయటికి చూసి, "అదేంది, కాలవ వంతెనొచ్చిందే" అంది. అందరూ చూశారు. ఆ చూడడంలో మాటలు ఆగాయి, వంతెన మీద బస్సూ ఆగింది.

"బండి బానే ఉండాదే. ఎనక సీట్లే కొంచెం గట్టి" అన్నారు వెనక కూర్చున్నవాళ్ళు.

మర్నాటి నుంచి బస్సు తిరిగింది. జకరయ్య నాలుగు రోజుల్లోనే దాని స్వభావం కనిపెట్టాడు. ఒకరు అడగాలి, ఇంకొకరు బదులు చెప్పాలి. కనీసం ఊ కొట్టాలి. ఒక్కరే మాట్లాడితే కదలదు. ఓట్ల ముందు ముత్తుకూరు నుంచి వచ్చిన నాయకుడు బస్సులో నిలబడి గంటసేపు ఉపన్యసించినా చక్రం తిరగలేదు, ఆయన దిగి నడిచిపోయాడు. ఆదివారం చర్చికి పోయేవాళ్ళు పాటలు పాడుకుంటే బస్సు శ్రద్ధగా వింటూ నిలబడేది, పాట అయ్యాక మాటల్లో పడితేనే బయల్దేరేది. పోట్లాటకు జోరుగా పోయేది గానీ కుదుపు ఎక్కువ. పాత కంపెనీ వాళ్ళు డ్రైవరు నెత్తి మీద డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు రాయించి ఉన్నారు. బస్సు ఆ బోర్డును గట్టిగా పాటించేది. జకరయ్య ఎంత మాట్లాడినా, ఎవరు అతనితో మాట్లాడినా లెక్కలోకి తీసుకునేది కాదు. బ్రేకులకు బదులు అతను కుడిచెయ్యి పైకెత్తేవాడు. అందరూ గప్‌చుప్ అయ్యేవారు, బస్సు ఆగేది.

ఇక పంచాయతీకి చేతినిండా పనయింది. పెట్రోలు ఖర్చు లేదు కాబట్టి ఉన్న కాస్త డబ్బూ దారికి పెట్టారు. ఇంటికొక మనిషి చొప్పున వచ్చి ఇసక మేట మీద తాటాకులు పరిచి, చెరువు గట్టు నుంచి గ్రావెలు తోలి తొక్కారు. నెల్లూరు బస్సు వచ్చే వేళకు ముత్తుకూరు చేరేటట్టు టైములు పెట్టుకున్నారు. మొదట ఇంటింటికీ ఒక స్టాపు అడిగారు గానీ, మాట మంచి పట్టులో ఉండగా ఆపితే మళ్ళీ కదలడం కష్టమని జకరయ్య మొత్తుకోవడంతో నాలుగిళ్ళకొకటి చేశారు. వంతెన ఎక్కడానికి బలం కావాలి కాబట్టి, పెళ్ళి కుదిరిన కబుర్లూ కోర్టు కబుర్లూ వంతెన దాకా దాచుకోవాలని తీర్మానం చేశారు. మూతి ముడుచుకుని కూర్చునేవాళ్ళకు టికెట్టు ఒకటిన్నర. ముత్తుకూరుకు రోజూ పెరుగు కుండ తీసుకెళ్ళే ఆదిశేషమ్మకు మాత్రం, ఊరికి చేస్తున్న సేవను గుర్తించి, జీవితాంతం ఉచితం.

"ఇన్నేళ్ళు నా నోటిని తిట్టినోళ్ళే గదా మీరంతా" అంది ఆదిశేషమ్మ. సంతోషంతో ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

సమితి ఆఫీసరు జీపులో తనిఖీకి వచ్చాడు. బస్సు దేనితో నడుస్తుందని గుమాస్తాను అడిగాడు.

"కబుర్లతోనండీ."

"వర్షాకాలంలో ఇబ్బంది లేదా?"

"వర్షాకాలం ఇంకా బాగా పోద్దండీ. జనానికి పనుండదు గదా."

ఆఫీసరు రాసుకున్నాడు. దారి బాగుందని మెచ్చుకున్నాడు, టైరుల గాలి చూసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

అన్నాచెల్లెళ్ళు మాత్రం ఒకరు ఎక్కిన ట్రిప్పులో ఇంకొకరు ఎక్కేవారు కాదు. ఇద్దరు మౌనవ్రతం వాళ్ళు ఒకచోట చేరితే మిగతావాళ్ళ నోళ్ళకు భారమవుతుందని ఊరు కూడా వాళ్ళను బలవంతం చేయలేదు. మాలకొండమ్మ ఏడో నెలలో సీమంతం చేసుకుని ఆ బస్సులోనే పుట్టింటికి వచ్చింది. ఆమె ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. ఇసక మేట వచ్చినప్పుడు కిటికీ లోంచి బయటికి చూడకుండా ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది. అది చూసి ఆదిశేషమ్మ ఆ కాస్త దూరమూ గొంతు చించుకుని, ఎవరికీ అక్కర్లేని సంగతులన్నీ చెప్పి, బస్సును దాటించేసింది.

తొమ్మిదో నెల వచ్చింది. చెంచమ్మ రోజూ పొద్దున్నే జకరయ్య ఇంటికి పోయి బస్సు ఉందో లేదో చూసి వచ్చేది. రంగనాయకులు గారు రోజూ సాయంత్రం ఇసక మేట దాకా నడిచిపోయి, గాలికి లేచిన తాటాకులు సర్ది వచ్చేవారు. ఈ సంగతి చెంచమ్మకు తెలియదు. తెలిసినా స్తంభంతో చెప్పి ఉండేది కాదు.

ఆదిశేషమ్మ మనవరాలి పెళ్ళి కృష్ణపట్నంలో అయింది. అటు బస్సు పోయే దారి లేక ఊరు ఊరంతా తెల్లారకముందే పడవలెక్కి కాలవ మీద తరలిపోయింది. కూతురికి నెలలు నిండాయని చెంచమ్మ పోలేదు. మోకాలు నొప్పని చెప్పి రంగనాయకులు గారు పోలేదు. ఆయన మోకాలు ముందురోజు దాకా బాగానే ఉంది. బస్సును వదిలి రాలేనని జకరయ్య ఉండిపోయాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే మాలకొండమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కూడా పెళ్ళికే పోయింది. చెంచమ్మ కూతురిని బస్సెక్కించి పక్కన కూర్చుని, అడగడం మొదలుపెట్టింది.

"దాహంగా ఉండాదా?"

"ఆ."

"నడుం ఎట్టుండాది?"

"లాగతా ఉండాది."

"మీ ఆయన పోయిన ఆదివారం ఎందుకు రాలా?"

"షెడ్డులో పనంట."

కూతురి జవాబులు చిన్నవి కావడంతో బస్సు ముసలి మనిషి నడకగా పోతోంది. ఊరి చివర రంగనాయకులు గారు వాకిటి బయట రోడ్డు పక్కనే నిలబడి ఉన్నారు. చెప్పులు తొడుక్కుని, గొడుగు చంకన పెట్టుకుని, చెయ్యి ముందుకు చాచారు. జకరయ్య చెయ్యెత్తాడు. మాటలు ఆగాయి. ఆయన ఎక్కి వెనక సీట్లో కూర్చున్నారు. చెంచమ్మ కిటికీ వైపు తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు గనుక బస్సు కదలలేదు.

"అమ్మా, మామొచ్చినాడు" అంది మాలకొండమ్మ.

"చూసినాలే" అంది చెంచమ్మ. ఆ మాటకు బస్సు కదిలింది.

వంతెన ఎలాగో ఎక్కి దిగారు. సరుగుడు తోపు దగ్గరికి వచ్చేసరికి నొప్పులు ఎక్కువయ్యాయి. మాలకొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకుంది. చెంచమ్మ అడిగినదానికల్లా మూలుగే బదులు. ఆ మూలుగులు పలకరింపులకు జవాబులు కావని బస్సుకు తెలుసు. ఇసక మేట మధ్యలో అది ఆగిపోయింది.

"జకరయ్యా!" అని కేక పెట్టింది చెంచమ్మ.

"నేను మాట్లాడితే ఇది ఇనదు గదమ్మా." అతను బోర్డు వైపు చూసి, అయినా ప్రయత్నించాడు. "ఎండ జాస్తిగా ఉండాది కదమ్మా?"

"ఉండాది నాయనా, ఉండాది."

బస్సు నిలబడే ఉంది. జకరయ్యా, రంగనాయకులు గారూ దిగి వెనక నుంచి తోశారు. ఆయనకు భుజం ఒరుసుకుపోయి చొక్కా చిరిగింది. ఇద్దరు మనుషులు తోస్తే కదిలే బండి కాదది. చుట్టూ పొలాల్లో మనిషన్నవాడు లేడు. ఊరికి వెనక్కి పోయి ఎద్దులు తేవాలంటే ఎంతసేపు పడుతుందో ముగ్గురికీ తెలుసు. మూడేళ్ళ కిందట బండి దిగబడింది కూడా ఇక్కడికి రెండు బారల దూరంలోనే. చెంచమ్మ అటు చూడలేకపోయింది.

ఆయన మళ్ళీ ఎక్కి వచ్చి ఆయాసపడుతూ కూర్చున్నారు. చెంచమ్మ సీటు పక్కనున్న కమ్మీ పట్టుకుంది.

"ఓ కమ్మీ, చూస్తా ఊరుకుంటారా ఎవురైనా?" అంది.

"గొడుగూ, చెయ్యగలిగింది చేస్తానే ఉండాము" అన్నారు ఆయన.

బస్సు ఒక్కసారి కిర్రుమని మళ్ళీ ఇసకలో సర్దుకుంది. కమ్మీతో చెప్పిన మాట కమ్మీకే చెందుతుంది. గొడుగు మాట గొడుగుది. వసారాలో మూడేళ్ళు నడిచిన పద్ధతి ఇక్కడ పనికిరాలేదు.

మాలకొండమ్మ తల్లి చెయ్యి పట్టుకుని ఒక్కసారి గట్టిగా నొక్కింది. చెంచమ్మ వెనక్కి తిరిగింది. మూడేళ్ళుగా చూడని మొహాన్ని నేరుగా చూసింది. అన్న ముసలివాడయ్యాడు. ఎప్పుడయ్యాడో ఆమె గమనించనే లేదు.

"అన్నా" అంది.

ఇరుసులు కదిలిన చప్పుడయింది. రంగనాయకులు గారు గొడుగు పిడి బిగించి పట్టుకున్నారు. ఆమె ఇంకేమడుగుతుంది? అడగాల్సింది ఒక్కటే ఉంది.

"ఆ పొద్దు మా బండి చప్పుడు నీకు వినబళ్ళేదా అన్నా?"

ఆయన గొడుగు కింద పెట్టేశారు.

"వినబడింది మే."

బస్సు కదిలింది. చాలా నెమ్మదిగా, తాటాకులు పటపటలాడిస్తూ కదిలింది.

"మరి ఎందుకు రాలా?"

"ఎద్దులకి కాడి కట్టినా. కట్టి వాకిట్లోనే నిలబడినా. నువ్వు పిలుస్తావు, ఎగదోలుకోని వద్దామని. నువ్వు తలొంచుకోని పోతివి."

"తలొంచుకోని పోయినానా? తోపు మలుపు దాకా ఎనక్కి చూస్తానే పోయినాను. నువ్వొస్తా ఉండావేమోనని."

"చూసినావా?"

"చూసినానన్నా."

రంగనాయకులు గారు మొహానికి తువాలు అడ్డం పెట్టుకున్నారు. పెద్దమనిషి, ఊరికి ప్రెసిడెంటు, వెక్కి వెక్కి ఏడ్చారు. చెంచమ్మకూ ఆగలేదు. ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే అడిగింది. కాడి కట్టినవాడివి నాలుగడుగులు వేస్తే ఏమయ్యేదని అడిగింది. నాలుగడుగుల దూరంలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే నీ నోరేం అరిగిపోయేదని ఆయన అడిగారు. సరుగుడు తోపులో పసివాణ్ణి పూడ్చిన చోటికి తను రోజూ సాయంత్రం పోతున్నానని చెప్పారు. బస్సు ఇసక మేట దాటేసింది. ఈ సంగతి ఇద్దరూ చూడలేదు.

మూడేళ్ళ మాటలు ఒకేసారి బయటికి వస్తే ఎలా ఉంటుందో జకరయ్య ఆ రోజు చూశాడు. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నా అది చేతుల్లో ఎగిరెగిరి పడింది. అమ్మ పోయేటప్పుడు ఎవరి పేరు ముందు పలవరించిందనే దగ్గర మొదలై, చిన్నప్పుడు తాటి ముంజల్లో లేతవి ఎవరు ఎవరికి ఇచ్చారనే దాకా ఒక్కొక్కటీ తవ్వుకున్నారు. ముత్తుకూరు వచ్చింది. పంచాయతీ బస్సు హద్దు అక్కడికే. అక్కడ నెల్లూరు బస్సులోకి మారాలి. జకరయ్య చెయ్యెత్తాడు. ఎవరూ చూడలేదు. రెండు చేతులూ ఎత్తబోయి, ప్రాణభయంతో మళ్ళీ స్టీరింగే పట్టుకున్నాడు. పంచాయతీ బస్సు ముత్తుకూరు సెంటరు దాటి, కదలడానికి సిద్ధంగా ఉన్న నెల్లూరు బస్సును దాటి, తన హద్దు కాని రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయింది. నెల్లూరు బస్సు డ్రైవరు హారను కొట్టి చెయ్యి ఊపాడు.

నెల్లూరు ఆసుపత్రి గేటు కనిపించింది. లోపల అప్పుడు చెంచమ్మ పెళ్ళినాటి వంకీల సంగతి నడుస్తోంది. బస్సు ఇంకా ఊపందుకుంది. గేటు పక్కన పళ్ళమ్మే ఆవిడ బుట్ట ఎత్తుకుని పక్కకు దూకింది.

"అమ్మా! మామా!" అని అరిచింది మాలకొండమ్మ. ఆ పిల్ల పుట్టాక అంత పెద్ద గొంతు ఎవరూ వినలేదు. "ఇద్దరూ నోళ్ళు ముయ్యండి!"

ఇద్దరూ మూశారు. బస్సు ఆసుపత్రి మెట్ల ముందు సరిగ్గా ఆగింది.

మాలకొండమ్మను లోపలికి తీసుకుపోయారు. వరండాలో బల్ల మీద అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఇప్పుడు ఎవరి నోటా మాట లేదు. ఇది పాత మౌనం కాదు, చెవులు లోపలి గదికి అప్పగించి కూర్చున్న మౌనం. పసివాడు ఏడవని ఆ రోజు ఇద్దరికీ గుర్తొస్తూనే ఉంది. తలుపు వెనక ఎవరో అటూ ఇటూ నడిచారు. గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడయింది. చెంచమ్మ అన్న మోచెయ్యి పట్టుకుంది. మాలకొండమ్మ ఒక్క కేక పెట్టింది. తర్వాత ఏమీ వినపడలేదు.

"ఏం అన్నా?" అంది చెంచమ్మ సన్నగా.

"ఉండు మే."

అప్పుడు ఏడుపు వినబడింది. మొదట చిన్నగా, ఎవరినో అడుగుతున్నట్టుగా, తర్వాత వరండా అంతా దద్దరిల్లేటట్టు. మెట్ల దగ్గర నిలబడిన జకరయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ ఏడుపు వింటూ అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాసేపటికి నర్సు తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డను తీసుకుని వచ్చింది. ఆడపిల్ల, తల్లికి కూడా బాగానే ఉందని చెప్పింది. ఎవరికి ఇయ్యమంటారని అడిగింది. చెంచమ్మ రెండడుగులు ముందుకు వేసి ఆగింది. అయినవాళ్ళను అడగాల్నా అని మూడేళ్ళు వాదించిన మనిషి వెనక్కి తిరిగింది.

"అన్నా, ముందు నువ్వు ఎత్తుకుంటావా?" అని నోరు తెరిచి అడిగింది.

ఆమె అడగడం పూర్తి కాకముందే రంగనాయకులు గారు లేచి, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నారు.